చేతిలో సర్టిఫికెట్టు, ఎదురుగా తార్నాకా

తార్నాకాకు ఆ పేరెలా వచ్చిందని అడిగితే పాత హైదరాబాదు వాళ్ళు ఒక మాట చెబుతారు. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా ఠాణా. ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె వేసి, దాని దగ్గర కాపలావాణ్ణి నిలబెట్టారట. లోపలికి ఎవరు పోవాలో, ఎవరు పోగూడదో ఆయన చూసేవాడట. కంచె ఎప్పుడో పోయింది, కాపలావాడూ పోయాడు. 2017 నవంబరు నుంచి నెత్తిమీద మెట్రో రైలు కూడా పరిగెడుతోంది. కానీ మనుషుల్ని "నువ్వు ఇటు, నువ్వు అటు" అని విడదీసే అలవాటు మాత్రం ఈ చౌరస్తాలో పూర్తిగా పోలేదని నా అనుమానం.

ఇక్కణ్ణుంచి ఒక దారి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోకి పోతుంది. ఒకటి మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదుకు, ఒకటి లాలాపేటకు, ఒకటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు. మొదటి దారిలో పోయే పిల్లవాణ్ణి "ఏం చదువుతున్నావు బాబూ?" అని అడుగుతాం. ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు పట్టుకుని మిగతా దారుల్లో తిరిగే పిల్లవాణ్ణి "తరవాతేం చేస్తావు?" అంటాం. మొదటి ప్రశ్నలో ముచ్చట వుంది, రెండోదాన్లో జాలి వుంది. నేను చదివిందీ ఆర్ట్స్ చదువే గనక ధైర్యంగా ఒక మాట అంటాను: బి.ఏ. పాసైనవాణ్ణి "తరవాతేమిటి?" అని గట్టిగా అడగం. జవాబు వాడికీ తెలీదు, మనకూ తెలీదు. ఐ.టి.ఐ. వాడికి జవాబులు బోలెడున్నాయి. ఆ జవాబులకు నూట ముప్ఫై ఏళ్ళ పైబడిన చరిత్ర వుంది. ఆ చరిత్రలో చాలా భాగం ఈ నాలుగు రోడ్ల మీదే నడిచింది.

అన్నిటికంటే పాతది లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లాలాగూడలో కార్ఖానా పెట్టింది. రైలు రావడం గొప్పే కాదనను, కానీ వచ్చిన రైలు పాడైతే బాగుచేసేవాడు కావాలిగదా! కమ్మరి పనివాడు, వడ్రంగి, బాయిలరు పనివాడు, రంగులవాడు, సీట్లు కుట్టేవాడు అందరూ కావాలి. వాళ్ళని తయారుచేసే బడి అంటూ వేరే లేదు. ఉస్తాదు పక్కన నిలబడి చూడ్డమే చదువు, ఆయన అడిగినప్పుడు అడిగిన పనిముట్టు చేతికివ్వడమే పరీక్ష. పానా అడిగితే ఛేనీ ఇచ్చినవాడికి ఆ పూట పాఠం బాగా గుర్తుండేదట! ఈ మాట మా వెనక వీధిలో వుండే ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన అందులో చేరేనాటికి అది సెంట్రల్ రైల్వే కింద వుండేది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. "మాకు కాయిదాల్ గీయిదాల్ ఏడియమ్మా? ఉస్తాదు అచ్చా అంటే అదే సర్టిఫికెట్టు" అంటాడాయన.

ఇక్కణ్ణుంచి క్యాంపస్ వైపు వద్దాం. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో సమస్త శాస్త్రాలూ చెప్పాలన్నది సంకల్పం. అందుకోసం ముందే, 1917లో, దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థ పెట్టారు. భౌతికశాస్త్రానికి, రసాయనశాస్త్రానికి, వైద్యానికి కావలసిన మాటలన్నీ అక్కడ పండితులు కూర్చుని, వాదించుకుని, తయారుచేశారు. అది మామూలు పని కాదు. అయితే అదే కాలంలో లాలాగూడ కార్ఖానాలో కూడా ఇంకో అనువాద శాఖ నడుస్తూనే వుంది. అక్కడ స్క్రూ 'ఇస్కూరు' అయింది, స్పానరు 'పానా' అయింది, ఫైలు మన ఆకురాయి అయింది. రెండు చోట్లా మాటలు పుట్టాయి. జీతం మాత్రం ఒక చోటి వాళ్ళకే ఇచ్చారు.

ఇక ఆర్ట్స్ కాలేజీ కట్టడం గురించి తెలియని వాళ్ళుండరు. ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని జైన్ యార్ జంగ్‌నూ, సయ్యద్ అలీ రజానూ పంపడం, బెల్జియం నుంచి జాస్పర్ అనే వాస్తుశిల్పి రావడం, 1934 జూలై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం - అన్నీ పుస్తకాల్లో వున్నాయి. ఆ గులాబీరంగు రాయిని అంత నున్నగా చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఏ విద్యార్థికీ ఎవరూ చెప్పరు. ఆ తోరణం కింద నిలబడి ఫోటో దిగని విద్యార్థి లేడు. అది చెక్కినవాడి కొడుకు ఆ గుమ్మంలోంచి లోపలికి పోయాడో లేదో! ఇంజనీరింగ్ కాలేజీ 1929లోనే మొదలైంది కాని, అందులోకి పోవడానికి ముందు బడి చదువు కావాలి. ఉస్తాదు 'అచ్చా' అంటే చాలదు.

బస్సుల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. 1932లో నిజాం రైల్వేవాళ్ళే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి ఆర్.టి.సి. అయింది. అంటే రైలు బాగుచేసే చేతులే బస్సుకీ దారి చూపాయన్నమాట. ఇప్పుడు తార్నాకా పేరు చెప్పగానే ఆర్.టి.సి. ఉద్యోగుల కుటుంబాలకు గుర్తొచ్చేది ఆర్.టి.సి. ఆసుపత్రి. డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్ చదివినవాళ్ళు డిపోల్లో అప్రెంటిస్‌గా చేరి, తరవాత శ్రామిక్ ఉద్యోగం కోసం ఎదురుచూడడం ఎన్నో ఇళ్ళల్లో చూసిన కథే.

ఇంతకీ ఈ ఐ.టి.ఐ. ఎక్కణ్ణుంచి వచ్చింది? "చదువు రానివాళ్ళ కోసం పెట్టారు" అనేది మన ఇళ్ళల్లో జవాబు. చరిత్ర ఆ మాట చెప్పదు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్యాక్టరీలకూ సైన్యానికీ పనివాళ్ళు కావలసి వచ్చారు. ఉస్తాదు పక్కన ఏళ్ళ తరబడి నిలబడి నేర్చుకునేంత తీరిక యుద్ధానికి లేదు. త్వరగా నేర్పే పద్ధతి కావాలి. బ్రిటన్‌లో కార్మిక మంత్రి బెవిన్ పేరుతో ఒక పథకం పెట్టి ఇక్కడి కార్మికుల్ని శిక్షణకి ఇంగ్లండుకు కూడా తీసుకుపోయారు. యుద్ధం ముగిశాక, 1945లో, ఇళ్ళకు తిరిగివచ్చే సైనికులకు బ్రతుకుతెరువు చూపించడానికి పునరావాస, ఉపాధి డైరెక్టరేటు ఏర్పడింది. దేశవిభజనలో నిలువనీడ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకీ ఆ శిక్షణ అందించారు. 1950లో పథకాన్ని అందరికోసం మార్చి, దేశమంతటా సుమారు 50 ఐ.టి.ఐ.లు పెట్టారు. అంటే చదువు రానివాడి కోసం కాదండీ, సర్వం పోయినా చేతులు మిగిలినవాడి కోసం పుట్టిన బడి ఇది.

ఇంకో చిత్రం వుంది. శివరావు కమిటీ సిఫారసు మీద ఈ శిక్షణనీ, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలనీ రోజువారీగా నడిపే బాధ్యత కేంద్రం నుంచి రాష్ట్రాలకు ఇచ్చింది 1956 నవంబరు 1న. ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజు కూడా అదే! కొత్త రాష్ట్రం కళ్ళు తెరిచేసరికే దాని చేతిలో ఐ.టి.ఐ.లు వున్నాయి. ఆ ఏడాదే జాతీయ వృత్తిశిక్షణ మండలి వచ్చింది. దాంతో మల్లేపల్లిలో పాసైనవాడి సర్టిఫికెట్టుకు మద్రాసులోనూ, కలకత్తాలోనూ ఒకే విలువ దక్కింది. ఉస్తాదు 'అచ్చా'కు ఊరు దాటితే విలువ లేకపోయేది. దీనికి వుంది.

లోపల ఏం నేర్పుతారో తెలుసునా? ఫిట్టరు చదివే పిల్లవాడికి మొదట ఒక ఇనుప ముక్క ఇచ్చి ఆకురాయితో రాకమంటారు. ఒక రోజు కాదు, వారాల తరబడి. నాలుగు వైపులా సమంగా రావాలి, మట్టం పెట్టి చూస్తే వెలుగు కనపడకూడదు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. వెర్నియర్ కాలిపర్స్‌తో మిల్లీమీటరులో యాభైయో వంతు దాకా కొలవాలి. నేను నవలలో ఒక పేజీని అంత నిక్కచ్చిగా చెక్కివుంటే ఈపాటికి పెద్ద రచయిత్రిని అయివుండేదాన్ని. ఫిట్టరుకీ, ఎలక్ట్రీషియన్‌కీ రెండేళ్ళు. వెల్డరుకీ, కంప్యూటర్ ఆపరేటరుకీ, స్టెనోగ్రఫీకీ, కుట్టుపనికీ ఏడాది.

తరవాత మెట్టు అప్రెంటిస్. 1961లో దీనికి చట్టం చేశారు. ఫలానా పరిశ్రమ ఇంతమందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి, స్టైపెండు ఇవ్వాలి అన్నారు. చాలా బాగుంది. కానీ అదే చట్టంలో ఇంకో మాట వుంది: అప్రెంటిస్ పూర్తయినవాడికి ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం యజమానికి లేదు. పెళ్ళిచూపులకి పిలిచి, ఏడాదిపాటు టిఫిన్లు పెట్టి, "పిల్ల నచ్చింది గానీ ముహూర్తం మాట మేం ఎత్తలేదే" అన్నట్టు! ఈ పేచీ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఉత్తరప్రదేశ్ ఆర్.టి.సి. కేసులో 1995లో కోర్టు తీర్పు చెప్పింది. మిగతా అర్హతలన్నీ సమానమైనప్పుడు బయటివాళ్ళకన్నా అప్రెంటిస్ చేసినవాళ్ళకు మొగ్గు చూపాలి, వాళ్ళు మళ్ళీ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ద్వారా రానక్కర్లేదు, శిక్షణలో గడిచిన కాలం మేరకు వయసు సడలించాలి అన్నది దాని సారం. ఉద్యోగం హక్కు కాలేదు గాని, చేసిన చాకిరీకి కొంత మన్నన దక్కింది. రైల్వేవాళ్ళు 2018 నోటిఫికేషన్‌లో లెవెల్ 1 ఉద్యోగాల్లో 20 శాతం తమ దగ్గర అప్రెంటిస్ చేసినవాళ్ళకి కేటాయించారు. ఈ సంగతి తెలియక వయసు దాటబెట్టుకున్న పిల్లలు ఎందరో.

1960లూ, 70లూ ఈ పిల్లలకు మహర్దశ. అప్పటికే 1942 నాటి ఆల్విన్, 1943 నాటి ప్రాగా టూల్స్ వున్నాయి. ఆపైన రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో హెచ్.ఏ.ఎల్., ఐ.డి.పి.ఎల్., ఇంకా హెచ్.ఎం.టి. వరసగా వచ్చాయి. 1967 ఏప్రిల్‌లో ఏ.ఎస్. రావు గారి చేతుల మీదుగా ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. తార్నాకా నుంచి హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్ మీదుగా ఆ ఫ్యాక్టరీ దాకా పోయే రోడ్డే ఒక పెద్ద ఉద్యోగాల బోర్డు. ఐ.టి.ఐ. పాసై పబ్లిక్ సెక్టారులో చేరిన అల్లుడికి అప్పట్లో లెక్చరరు అల్లుడికన్నా గిరాకీ ఎక్కువని మా అమ్మ తరంవాళ్ళు చెబుతారు. క్వార్టర్సు, క్యాంటీను, బస్సు, బోనసు... లెక్చరరుకు ఏముందీ, చాక్‌పీసు!

తరవాత ఆ తలుపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆల్విన్ వారి జహీరాబాద్ వ్యాన్ల కంపెనీ మహీంద్రా చేతికి పోయింది, ఫ్రిజ్‌లు వోల్టాస్‌కు పోయాయి. ఐ.డి.పి.ఎల్. ఖాయిలా పడింది. ప్రాగా హెచ్.ఎం.టి.లో కలిసింది, ఆ హెచ్.ఎం.టి. కూడా చిక్కిపోయింది. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దారి తెరుచుకుంది. వెల్డర్లూ, ఎలక్ట్రీషియన్లూ అటు నడిచారు. 1983లో వలస చట్టం వచ్చింది. రెండేళ్ళ ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు వున్నవాడికి వలస అధికారి అనుమతి ముద్రతో పనిలేదన్న వెసులుబాటు దక్కింది. ఎడారిలో కూడా కాగితం కాగితమే.

అందరికీ కనిపిస్తూ ఎవరూ చూడని దారి ఒకటుంది. అది ఉప్పల్ రోడ్డు. 1944లో హైదరాబాదు సంస్థానం పెట్టిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సి.ఎస్.ఐ.ఆర్.లో కలిసి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయ్యాయి. 1989లో దానికే ఐ.ఐ.సి.టి. అని పేరు వచ్చింది. 1958లో కూనూరు నుంచి పోషకాహార సంస్థ తార్నాకాకు వచ్చింది. 1961లో ఎన్.జి.ఆర్.ఐ., 1977లో సి.సి.ఎం.బి. వచ్చాయి. ఇవన్నీ శాస్త్రవేత్తల కోట్లు వేలాడే చోట్లని మనం అనుకుంటాం. కానీ ఎయిర్ కండిషనరు ఆగితే అక్కడి పరిశోధనా ఆగుతుంది. గాజు గొట్టాన్ని మంటలో తిప్పి కావలసిన వంపు తీసేవాడు, యంత్రంలో ఏ తీగ కాలిందో కనిపెట్టేవాడు, లేతు మీద భాగం తయారుచేసేవాడు లేకపోతే డాక్టరేటు ఒక్కటే ఏం చేస్తుంది? సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలల్లో టెక్నీషియన్ అనే ఉద్యోగానికి కావలసింది పదో తరగతి, ఐ.టి.ఐ. ఇంజనీరింగ్ డిగ్రీ కాదు. ప్రకటన వచ్చినప్పుడు చూసేవాళ్ళు తక్కువ.

ఈ మాటే నేను మొన్న మా వెనక వీధి పెద్దాయన కోడలికి చెప్పాను. ఆవిడ కూతురు ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసైంది. క్లాసులో ఆడపిల్లలు ముగ్గురేనట.

"అక్కా, పిల్ల ఐ.టి.ఐ. అయిపాయె. ఇగ ఏం చెయ్యమంటరు? వాళ్ళ నాయన బీకాంల ఎయ్యమంటుండు. కరెంటు పని ఆడపిల్లకేందని వాళ్ళ మేనత్త ఒకటే లొల్లి."

నేను ఆవిడకు బబ్బూరి శిరీష సంగతి చెప్పాను. సిద్దిపేట జిల్లా అమ్మాయి, ఎలక్ట్రీషియన్ ఐ.టి.ఐ. చదివింది. 2019లో దక్షిణ డిస్కం జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకి ప్రకటన వేస్తే అందులో ఆడవాళ్ళకి చోటు లేదు. స్తంభం ఎక్కాలిగదా, ఆడవాళ్ళెలా ఎక్కుతారు అన్నారు. ఆ పిల్ల హైకోర్టుకు పోయింది. కోర్టు చెప్పాక పరీక్ష పెట్టారు, స్తంభం ఎక్కించి చూశారు. ఎక్కింది. 2022 మేలో ఉద్యోగపత్రం చేతికి వచ్చింది. తెలంగాణలో మొదటి లైన్‌ఉమన్ అని పత్రికలన్నీ రాశాయి.

"ఎక్కిందా?" అంది ఆ పిల్ల, తలుపు చాటునుంచి.

"ఎక్కింది. నువ్వు మీ ఇంట్లో ఫ్యాను బిగించడానికి ఎక్కవూ?"

"మేనత్తోళ్ళ ఇంట్ల గూడ నేనే బిగించిన ఆంటీ. అప్పుడు ఏమనలే."

వాళ్ళమ్మ నవ్వింది గాని, ముఖంలో దిగులు పోలేదు. ఆ దిగులు తిండి గురించి కాదు. మోటారు రివైండింగు చేసుకున్నా, వైర్‌మన్ పర్మిటు తీసుకుని ఇళ్ళకు వైరింగు చేసినా తార్నాకాలో పని దొరక్కపోదని ఆవిడకూ తెలుసు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు ఈ ట్రేడువాళ్ళని తీసుకుంటారనీ, ఆడపిల్లలూ రైళ్ళు నడుపుతున్నారనీ చెబితే తల వూపింది. ఆవిడ బాధ వేరు. "రేపు ఎవరన్న అడిగితే నా బిడ్డ ఏం సదివిందని చెప్పాలక్కా?" అంది. విశ్వవిద్యాలయం ప్రహరీగోడ పక్కన కాపురముండే తల్లి అడగాల్సిన ప్రశ్నే ఇది. క్యాంపస్‌లో డిగ్రీ చదివినవాళ్ళకి దారి చూపడానికి ఉపాధి సమాచార కేంద్రం అని ఒక కార్యాలయం ఉంది. గోడకి ఇవతల వాళ్ళకి చెప్పేవాళ్ళు చుట్టాలూ, ఇరుగుపొరుగూ, నాలాంటి కథలు రాసేవాళ్ళూ!

అందుకని నేను ఆవిడకు గోడ దాటే దారి కూడా చెప్పాను. రెండేళ్ళ ఐ.టి.ఐ. మంచి మార్కులతో చేసినవాళ్ళు బ్రిడ్జి కోర్సు చదివి ఎల్.పి.సెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లమా అయ్యాక ఈసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరం. ఆ ఈసెట్‌ను 2023లోనూ, 2024లోనూ నిర్వహించింది ఎవరనుకున్నారు? ఉస్మానియా విశ్వవిద్యాలయమే. 1939లో ఆ గుమ్మం కట్టినప్పుడు ఇలాంటి దొడ్డిదారి... కాదు, దొడ్డిదారి అనకూడదు, ఇది రాజమార్గమే, కాస్త చుట్టు ఎక్కువ.

మరో దారి ఇంకా దగ్గర. క్యాంపస్‌ను ఆనుకునే వున్న విద్యానగర్‌లోనూ, 1974లో ఎలక్ట్రానిక్స్ కోసం మొదలైన రామంతాపూర్‌లోనూ కేంద్రప్రభుత్వ శిక్షణ సంస్థలున్నాయి. ఏ.టి.ఐ. అంటే ఆటోవాళ్ళకి ఇప్పటికీ తెలుస్తుంది, కొత్త పేరు ఎన్.ఎస్.టి.ఐ. ఐ.టి.ఐ.లో పాఠం చెప్పే ఇన్‌స్ట్రక్టర్లని తయారుచేసే ఏడాది కోర్సు అక్కడ వుంది. ఐ.టి.ఐ. చదివినవాళ్ళు అందులో చేరవచ్చు. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐ.టి.ఐ.లను కొత్త యంత్రాలతో మార్చే పని మల్లేపల్లిలో మొదలుపెట్టింది. రోబోలు, కంప్యూటరు లేతులు వస్తే వాటిని నేర్పేవాళ్ళు కావాలి. లాలాగూడలో తాత ఉస్తాదు పక్కన నిలబడి నేర్చుకున్నాడు. మనవరాలు ఉస్తాదు అయితే తప్పేమిటి?

పెద్దాయన అప్పటిదాకా అరుగు మీద కూర్చుని వింటున్నాడు. "ఉస్తాదుకు జీతమెంతమ్మా?" అని అడిగాడు. అది ఏ సంస్థ అన్నదాన్నిబట్టి వుంటుందని చెప్పాను. ఆయన కోడలి వైపు తిరిగి, పిల్లకు అప్రెంటిస్ కాయిదం వచ్చిన ఫ్యాక్టరీకి మొదటి బస్సు ఎన్ని గంటలకో, తార్నాకాలో ఏ పక్క ఆగుతుందో కనుక్కోమన్నాడు. బీకాం ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఇంకా తొమ్మిది రోజులుంది. వాళ్ళ నాయన ఇంకా ఏమీ తేల్చలేదు.